ముందే చెప్పేసే చెన్నయ్య

ముడిమ్యాల చెన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఏటా ఒక హత్య నాటకం రాసి ఆడిస్తాడు. తెర లేవకముందే మైకు పట్టుకుని, "అయ్యలారా, అమ్మలారా, పటేల్‌ను సంపింది కాంపౌండరు. ఇగ సూడుండ్రి" అనేస్తాడు. జనం ఈలలు వేస్తారు. కాంపౌండరు వేషగాడు హన్మంతు తెర వెనక తల బాదుకుంటాడు. నాటకం మారినా, హంతకుడు మారినా ఆరేళ్లుగా ఇదే తంతు.

అలాంటి మనిషి రాసిన పటేల్ నాటకాన్ని సినిమాగా తీయబోయింది యశస్వి. మొయినాబాద్ పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి తీస్తున్న మొదటి సినిమా. కాంపౌండరు సంగతి ఊరంతటికీ తెలుసు కాబట్టి హంతకుణ్ణి వకీలుగా మార్చింది. చివరిదాకా గుట్టు నిలిస్తేనే సినిమా, లేకపోతే లేదని ఆమె నమ్మకం.

జన్వాడ ఫామ్‌హౌస్‌లో షూటింగ్ మొదలైన రోజే వాచ్‌మన్ అడిగాడు. "మేడం, వకీల్‌కు విషం ఏడ దొరికింది?"

యశస్వి అందరిచేతా కాగితం మీద సంతకాలు పెట్టించింది. చెన్నయ్య సంతకం పెట్టి, కింద శ్రద్ధగా రాశాడు: "హంతకుడు వకీలని ఎవ్వరికి చెప్ప."

ఇక లాభం లేదని ఆమె నలుగురు హంతకులతో నాలుగు ముగింపులు తీసింది. ఏది ఉంచిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. తన కథలో హంతకుడెవరో తనకే తెలియని గతి పట్టింది చెన్నయ్యకు. రోజూ ఫోనే.

"ఎవరో జర చెప్పు బిడ్డ."

"తెర మీద చూడండి చెన్నయ్యగారూ! మీకు చెప్తే మైకుకు చెప్పినట్టే."

చేవెళ్ల ఫంక్షన్ హాల్లో మొదటి ఆట. ఊరంతా వచ్చింది, చెన్నయ్య లేడు. వెతికితే బయట మెట్ల మీద ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. పక్కన శాంతమ్మ అనే ముసలావిడ.

"లోపలికి రారేం?"

చెన్నయ్య యశస్విని పక్కకు పిలిచాడు. "ఏడేండ్ల కింద శాంతవ్వ కొడుకును రోడ్డు మీద ఏదో బండి గుద్ది సంపి పోయింది. ఎవరో ఇప్పటిదాక తెల్వలే. ఆ యేడు నా నాటకంల పోలీసు 'ఎవడు సంపిండు' అని అడుగుతుంటే అవ్వ గజగజ వణుక్కుంట లేచిపోయింది. తెల్వకుండ కూసునుడు ఆమెతోని కాదు. ఆమెను ఈడ ఇడిసిపెట్టి నేనెట్ల వస్త?"

"ఇన్నేళ్లూ ఆవిడొక్కరికే చెవిలో చెప్పొచ్చు కదండీ?"

"ఒక్కామెకే చెప్తే ఊరంత అయ్యో అని ఆమె దిక్కే చూస్తది. అందరికి చెప్తే నన్ను చూసి నవ్వుతరు. నవ్వితే నాదేం పోతది?"

యశస్వికి ఫోన్లో తన ఎత్తిపొడుపు గుర్తొచ్చింది. ఈ మనిషిని ఎన్నెన్ని మాటలంది! సరాసరి లోపలికి వెళ్లి మైకు తీసుకుంది. ఏడాది కష్టం నాలుక చివర ఉంది.

"అందరికీ నమస్కారం. పటేల్‌ను చంపింది ఆయన బావమరిది."

హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఈలలు. బయట మైకు మాట విని శాంతమ్మ మెల్లగా లోపలికి వచ్చి ముందు వరసలో కూర్చుంది, కొంగు సవరించుకుంది. "ఇగ పెట్టు బిడ్డ" అంది.

ఆమె వెనకే వచ్చిన చెన్నయ్య కళ్లు తుడుచుకుంటూ యశస్విని కసిరాడు. "ఏందమ్మా, ఇంత సదువుకున్నవ్, గిట్ల ముందుగల్లనే చెప్తరా ఎవరన్న?"