కన్యకాంబ నోరు విప్పిన పూట

తిరుత్తణి బజారులో పప్పుల అంగడి శెట్టిగారి కోడలు కన్యకాంబకు నోరుందని ఆ వీధిలో చాలామందికి తెలియదు. పట్టాభిరామ్ అనే ఊరి నుంచి కాపురానికి వచ్చింది మొదలు, ఎవరేమడిగినా అత్త రుక్మిణమ్మే బదులు చెప్పేది.

ఎనభైల మొదట్లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కోరింత దగ్గుతో కలిపి మూడు జబ్బులు రాకుండా వేసే ట్రిపుల్ సూది మొదటిసారి వేయించిన సాయంత్రమే పిల్ల కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. అదీ రుక్మిణమ్మ ఒళ్ళోనే. పిల్ల తేరుకోగానే ఆమె వీధి తలుపు మూసి, ఎవరికీ చెప్పనని కోడలి చేత ఒట్టు వేయించుకుంది. ఫిట్సు పిల్లని పేరు పడితే కులంలో ఎవరూ చేసుకోరట. పాలు తాగే బిడ్డకు పెళ్ళి భయం!

రెండో సూదికి ఆస్పత్రి వరండాలో నిలబడ్డారు. వరుసలో వెనక మనవణ్ణి చంకనెత్తుకుని ఉన్న చీరల కొట్టు తులసమ్మ పిల్ల బుగ్గ గిల్లి, “మా మనవడి పెండ్లాం గదా ఇది” అంది. రుక్మిణమ్మ మురిసిపోయింది. వంతు రాగానే, పిల్లకు పడిశమని, ఆగమంటే ఆగుతామని నర్సు తాయమ్మతో తానే చెప్పింది. పడిశానికి సూది ఆపక్కర్లేదంది తాయమ్మ. పోయినసారి సూది తర్వాత ఫిట్స్ వచ్చాయా అని అంతమందిలోనే అడిగింది. అలాంటి మాట అడగడానికి ఒక గది, ఒక తలుపు మన సర్కారు ఇవ్వలేదు మరి.

“అట్లాంటిదేమీ లేదమ్మా. మా పిల్ల బంగారం” అంది రుక్మిణమ్మ.

కన్యకాంబ నిర్ఘాంతపోయింది. వీధిలో దాస్తుందనుకుంది గానీ, సూది పట్టుకున్న మనిషి దగ్గర కూడా దాస్తుందనుకోలేదు. ఆ సాయంత్రం ఏడుస్తూ పిల్లను గుండెకు హత్తుకున్న అత్త చేతులే ఇప్పుడు పిల్ల తొడ మీది గుడ్డ పక్కకు తీస్తున్నాయి.

“వచ్చినాయి నర్సమ్మా. ఆ పొద్దే వచ్చినాయి. మా అత్త ఒళ్ళోనే కొట్టుకులాడింది.”

తాయమ్మ సూది కింద పెట్టేసింది. పిల్ల అవ్వ వైపు తిరిగింది.

“ఇది గదా పాటీ మొదట చెప్పాల్సింది? ఈ బిడ్డకి మళ్ళా ట్రిపుల్ వేయగూడదు. కోరింత దగ్గు మందు కలపని సూది వేరే ఉంది. డాక్టరు చూడనీ, ఆయన సరేనంటే అది వేస్తాం.”

తులసమ్మ మనవణ్ణి చంక మార్చుకుని దూరం జరిగింది.

“ఇంక దీన్ని ఎవురు చేసుకుంటారే?” అంది రుక్మిణమ్మ.

“ముందు పెరగనీ అత్తా.”

కన్యకాంబ పిల్లను అందుకుని డాక్టరు దగ్గరికి నడిచింది. అక్కడ ఎవరూ అడగకముందే, వరుసంతా వింటుండగానే, ఫిట్స్ సంగతితోనే మొదలుపెట్టింది.