పేగుదారం

మా నాన్న తుకారాం సికింద్రాబాద్‌లో నలభై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న దర్జీ. మెడలో తులసిమాల వేసుకున్న మనిషి. మాల వేసుకున్నవాళ్లు మాంసం ముట్టరు. ఈయన ఇంకో అడుగు ముందుకేసి, గుడ్డు కలిసిందేమోనన్న అనుమానంతో బేకరీ కేకు కూడా ఇంట్లోకి రానివ్వడు. ఆ చాదస్తంతో వేగలేక ఎన్నిసార్లు తల పట్టుకున్నానో నాకే తెలుసు.

మొన్న ఎండాకాలంలో హెర్నియా బిగుసుకుపోయి మెషీన్ దగ్గరే విలవిల్లాడాడు. ఆటోలో మౌలాలి దగ్గర ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్లాను. గంటలో ఆపరేషన్ చేశారు, బాగానే జరిగింది.

నాన్న దర్జీ కదా, మూడోరోజు కట్టు మారుస్తున్న నర్సు మార్తను ఏ దారం వాడారని అడిగాడు.

"పైన నల్ల పట్టుదారం తాతా, వారానికి తీసేస్తం. లోపల పేగుదారం. గొర్రె పేగులతోని చేస్తరు. తీసే పని లేదు, అదే కరుగుతది," అంది మార్త. పాపం, మంచిమాట చెప్పాననే అనుకుంది.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. డాక్టర్ వేణుమాధవ్ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఇది ఇవాళ్టిది కాదు పెద్దాయనా. సుశ్రుతుడి కాలంలోనే నార, జనుము, వెంట్రుకలతో గాయాలు కుట్టేవాళ్లు. పట్టు, పేగు మేం ఇప్పటికీ వాడుతున్నాం. మూడు నెలలైతే మీ ఒంట్లో దాని జాడే ఉండదు."

"జనుము ఉండంగ నాకు పేగెందుకు సారూ? కరిగితె యాడికి పోతది? నాలోనే కలుస్తది గదా."

డాక్టర్ చీటీ మీద మందులు రాసిచ్చి లేచి వెళ్లాడు.

ఇంటికొచ్చాక నాన్న మాల తీసి డబ్బాలో పెట్టేశాడు. ఆషాఢంలో పండరిపురం నడిచి వెళ్లే జట్టువాళ్లు పిలవడానికొస్తే కాలునొప్పి అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"పట్టు జాకెట్లు కుట్టినన్ని రోజులు పురుగులు యాదికి రాలేదా నాన్నా?"

"అవి ఒంటి మీదియి బిడ్డా, ఇప్పి అవతల పెట్టొచ్చు. దీన్నెట్ల ఇప్పాలె?"

కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టడమే ఆయనకు తెలిసిన పని. ఇప్పుడు మెషీన్ ముందు కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడకేసి చూస్తుంటాడు. తన ఒంట్లో తనే ఖైదీ అయిపోయాడు.

నిజానికి నా కోపం ఆయన మీద కాదు. ఆ రోజు నేను ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందే మార్త చెప్పింది. పేగుదారమే ఉందనీ, పేగు కలవని, ఫ్యాక్టరీలో చేసే దారం కావాలంటే బయటినుంచి తెప్పించడానికి అరగంట పడుతుందనీ చెప్పింది. లోపల ఆయన మూలుగుతున్నాడు. "ఏదైతే ఏందమ్మా, జెల్ది కుట్టుండ్రి," అన్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెప్పను?

నిన్న ఆయనే అడిగాడు.

"కల్పలతా, దారం ముచ్చట ముందుగాల నిన్నేమన్న అడిగిన్రా?"

ఆయన నా మొహం కూడా చూడలేదు, తనే తల ఊపుకున్నాడు.

"అడగలేదు. అడిగితె నువ్వు వద్దంటుంటివి. నాకెరుక లేదా నా బిడ్డ సంగతి?"

అవును, అడగలేదన్నాను.