పాతర మీద మట్టి

అర్బాయ్ అత్త ఎక్కిందంటే ఇక బండి నాది కాదు. స్టీరింగు నా చేతిలో ఉంటుందంతే. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో ఆవిడే చెబుతుంది. పైగా కుదుపుకో తిట్టు. "మూర్సల్, వెనక కూర్చున్నది మనిషిరా, జొన్న బస్తా కాదు" అంటుంది.

మొగుణ్ణి యుద్ధం మింగేశాక బైదోవా సంతలో జొన్నలమ్మి పిల్లల్ని సాకిన మనిషి. తర్వాత కరువు సాయం పంచే ఆఫీసు వాళ్ళు పనిలో పెట్టుకున్నారు. గూ అనే పెద్ద వానల ముందొకసారి, దైర్ అనే చిన్న వానల కోతలయ్యాక ఒకసారి ఊళ్ళు తిరిగి, ఎక్కడ తిండి ఎన్నాళ్ళు సాగుతుందో తేల్చి చెప్పాలి. దాన్ని బట్టే లారీలు కదులుతాయి. మగవాళ్ళని పంపితే ఊరి పెద్దలు నీడలో కూర్చోబెట్టి చెప్పిందంతా తలూపుతూ విని వచ్చేవారు. వంటింట్లోకి పోగల ఆడమనిషి కావాలన్న బుద్ధి ఆఫీసుకి ఆలస్యంగానైనా పుట్టింది.

పూటకి ఏం తింటున్నారని అత్త ఎవర్నీ అడగదు. అడిగితే మావాళ్ళు చచ్చినా నిజం చెప్పరు. గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, పొయ్యిలో నిప్పుంటే కాస్త పెట్టవే, సాంబ్రాణి వేసుకోవాలి" అంటుంది. నిప్పున్న ఇల్లేదో, నిన్నటి నుంచి బూడిద చల్లారిపోయిన ఇల్లేదో అప్పుడే తెలిసిపోతుంది. సాంబ్రాణి పొట్లం ఎప్పుడూ కొంగులోనే ఉంటుంది.

ఆ ఏడు దైర్ వాన ఒక్క చినుకు రాల్చకుండా పోయింది. జిలాల్ ఎండలు నేలని నెర్రెలు చేశాయి. మేం వరాబాలె ఊరికి బయల్దేరాం. బండిలో మూడో మనిషి హసనో. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, అత్తని అక్కా అని పిలుస్తాడు. ఒక్కటే చిక్కు. వాడిది బోహోల్. వరాబాలెకీ బోహోల్‌కీ నడుమ ఒక నీళ్ళ గుంట ఉంది. పోయిన ఏడాది దానికోసం రెండూళ్ళ వాళ్ళూ కాల్చుకున్నారు. రెండు వైపులా సమాధులు లేచాయి.

ఒక జట్టులో రెండు తెగల మనుషులుండాలన్నది ఆఫీసు నియమం. లెక్కలో పక్షపాతం రాకూడదట. ఎవడికి తట్టిందో గాని, ఊరి నోరు కుట్టేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. పగవాడి ఎదుట మా ఇంట గింజ లేదని ఎవడు చెబుతాడు?

"అత్తా, వీణ్ణి దారిలో దింపేద్దాం. కడుపునొప్పి వచ్చిందని చెబుదాం" అన్నాను.

"నోరుమూసుకుని బండి నడుపు. వాడు సంతకం పెట్టకపోతే మన లెక్క చెల్లదు."

"విన్నానులే మూర్సల్" అన్నాడు హసనో వెనకనుంచి. "నాకు నిజంగానే కడుపులో నొప్పిగా ఉంది."

దారిలో అడవి వాళ్ళు, అదే అడవిలో మకాం పెట్టిన తుపాకుల దండు, తాడు కట్టి ఆపారు. మొహానికి గుడ్డ కట్టుకున్న కుర్రాడు తుపాకీ మొనతో అద్దం మీద కొట్టి, సాయంత్రపు అసర్ నమాజులోపు తిరిగి పొమ్మన్నాడు. ఆ తర్వాత కనబడితే మా ఖర్మ అన్నాడు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇక ఆ పూటంతా నా కళ్ళు నీడల మీదే ఉన్నాయి.

వరాబాలె చేరుతుంటే ముందు కనబడ్డవి పాతర్ల దిబ్బలు. మావైపు జొన్నలు ఇంట్లో పోసుకోం. నల్లమట్టిలో మనిషి దిగేంత పాతర తీసి, చొప్ప పరిచి, గింజ పోసి, మట్టి కప్పి, పైన దిబ్బ చేసి ముళ్ళకంప వేస్తాం. దిబ్బలు ఎత్తుగా ఉన్న ఊరంటే మగవాళ్ళు వలస పోని ఊరు, తూటాలు కొనుక్కున్న ఊరు. దాని జోలికి ఎవడూ పోడు. వరాబాలె దిబ్బలు ఎత్తుగా, నున్నగా, నిన్ననే మెత్తినట్టున్నాయి. హసనో వాటిని కళ్ళతో కొలవడం అద్దంలో చూశాను. నాకు ఒళ్ళు మండింది.

ఊరి పెద్దని మావైపు మలాఖ్ అంటారు. మలాఖ్ అలియో తన గుడిసె ముందు చాప పరిచాడు. డెబ్భై దాటిన మనిషి, హెన్నా పెట్టిన గడ్డం. ఆయన వెనక తమ్ముడి కొడుకు తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నూనెలో వేయించిన కాఫీ గింజలు గిన్నెలో వచ్చాయి. గింజలు తక్కువ, నూనె మరీ తక్కువ. మర్యాద మాత్రం తగ్గలేదు. తలో గింజ నమిలి, వేళ్ళకంటిన నూనె నుదుటికి రాసుకున్నాం.

"ఎలా ఉన్నారు బాబాయ్?" అంది అత్త.

"అల్హమ్దులిల్లా. కొరతేం లేదు. పాతర్లు చూశావుగా." మాట అత్తతో, చూపు హసనోతో. "బోహోల్ వాళ్ళకి కావాలన్నా ఇస్తాం. అడగమను."

"మావీ నిండుగానే ఉన్నాయి మలాఖ్" అన్నాడు హసనో నవ్వుతూ. "మీకే తక్కువైతే కబురు పెట్టండి."

ఆ నవ్వు చూసి తుపాకీవాడు సర్దుకు కూర్చున్నాడు. ఇదీ వరస. ఊరు ఆకలిగా ఉందని తేలితే లారీలొస్తాయి. ఆ మాటే బోహోల్ చెవిన పడితే తుపాకులొస్తాయి. తేలకపోతే రెండూ రావు, గూ వానలదాకా పిల్లలు బతకరు. అత్త ఏ మాట పట్టుకుని ఊరు దాటుతుందా అని చూస్తున్నాను.

అత్త సాంబ్రాణి వంకతో వంటగుడిసెలోకి వెళ్ళింది. అక్కడ అలియో కోడలు ఇస్నీనో సంగటి కలియబెడుతోందట. గోడవార చాప మీద కూతురు మాదీనో పడుకుని ఉంది. నాలుగేళ్ళ పిల్ల. ఈగ వాలితే తోలుకోవడం లేదు. అత్త పిల్ల జబ్బ పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ చుట్టి చూసింది. ఆవిడ వేళ్ళు కలవడమే కాదు, ఒకదాని మీదికొకటి ఎక్కాయి.

"పిల్లకేం పెడుతున్నావే?"

ఇస్నీనో గరిటె విసిరికొట్టింది. "నన్నడుగుతావేంటి పిన్నీ? మా మామయ్యనడుగు. కాళ్ళకింద పాతర పెట్టుకుని పిల్లని ఎండగడుతున్నాడు. పాత పాతర, నా పెళ్ళినాటి గింజ. తియ్యి మామయ్యా అంటే వాన పడ్డాక అంటాడు. వాన పడేసరికి ఇది ఉంటుందా? పిల్లలు ఏడిస్తే రోజూ ఒకటే పాట. పడుకోండి, పాతర నిండా ఉంది, రేపు తీస్తాం అని."

అత్త బయటికొచ్చి చాప మీద కూర్చుంది. పళ్ళెం వచ్చింది. అతిథులకి పెట్టకుండా పంపితే ఆ ఊరు ఊరే కాదు మా దేశంలో. సంగటి మధ్య గుంట చేసి నువ్వులనూనె పోశారు. అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది.

నేనూ ముద్ద పెట్టుకున్నాను. పొగ వాసన.

జొన్న తినేవాడికి ఇది చెప్పక్కర్లేదు. పాతర గింజకి ముక్క వాసన ఉంటుంది, పులుపు ఉంటుంది. పొగ వాసన వచ్చే జొన్న ఒక్కటే. పురుగు పట్టకుండా పొయ్యి పైన వేలాడదీసుకునే విత్తనపు కంకులు. వాటిని తినరు. బిడ్డ చచ్చిపోతున్నా తినరు, విత్తుతారు. అవి పళ్ళెంలోకి వచ్చాయంటే పాతర్లలో ఏమీ లేదు. కడపటి కంకులు దులిపి మాకు వండిపెట్టారు.

తలెత్తి చూస్తే హసనో కూడా నమలడం ఆపేశాడు. వాడూ ఈ నేలవాడే కదా. మొహంలో రక్తం లేదు. లేచి, జేబులోంచి ఫోను తీశాడు.

"ఎవరికి?" అన్నాడు తుపాకీవాడు.

"మా అమ్మకి."

సిగ్నల్ దొరక్క అటూ ఇటూ తిరిగి, ఎత్తు కోసం వెళ్ళి సరాసరి గుడిసె ముందున్న ఆ పాత పాతర దిబ్బ ఎక్కాడు. ఒకరి పాతర మీద పరాయివాడు కాలు పెట్టడమంటే ఆ ఇంటి మగవాడి తల మీద పెట్టడమే. తుపాకీవాడు లేచి నిలబడ్డాడు, తుపాకీ బోల్టు లాగి వదిలిన చప్పుడు వినిపించింది. అలియో చెయ్యెత్తి ఆపాడు. హసనో మాకు వీపు తిప్పి ఫోన్లో ఏదో ఒక్క మాట అడిగాడు, చాలాసేపు విన్నాడు. కబురు వెళ్ళిపోయిందనుకున్నాను. ఈ రాత్రికే వస్తారనుకున్నాను. వాణ్ణి దారిలో దింపెయ్యనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

"బాబాయ్," అంది అత్త మెల్లగా, "మేం రాసేదాంట్లో ఊరి పేరు పైకి పోదు. జిల్లా పేరే పోతుంది. ఆ దిబ్బ సంగతి మీ నోటితో చెప్పండి చాలు."

"చెప్పాను కదమ్మా. నిండా ఉంది."

అంతలో ఇస్నీనో పార పట్టుకుని వచ్చింది. పాతర ముట్టుకోవడం మా ఆడవాళ్ళ పని కాదు. మామగారి ఎదుటికి కోడలు అలా రావడం అంతకంటే కాదు. నేరుగా దిబ్బ దగ్గరికెళ్ళి, "దిగు" అంది హసనోతో. వాడు దిగాడు. ముళ్ళకంప కాలితో తన్ని తవ్వడం మొదలుపెట్టింది.

"ఇస్నీనో!" అన్నాడు అలియో. "ఇస్నీనో, వద్దమ్మా. నా మాట విను తల్లీ."

"అతిథులకి విత్తనాలు వండించావు. నా పిల్లకి పాతర తియ్యవా?"

కోడల్ని ముట్టుకునే హక్కు ఎవడికీ లేదు. తుపాకీవాడు దిక్కులు చూశాడు. అలియో తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుండిపోయాడు. మూత చొప్ప కనబడింది. ఇస్నీనో దాన్ని లాగేసి దూరంగా జరిగింది. తెరిచిన పాతరలో వెంటనే తొంగిచూడరు, లోపలి గాలి మనిషిని పడేస్తుంది. ఒక మట్టిబెడ్డ తీసి లోపలికి వేసింది. గింజ మీద పడితే చప్పుడుండదు. అది గట్టి నేల మీద పడి పగిలింది.

"పోయినేడే అడవి వాళ్ళు జకాత్ అని, దేవుడి వాటా అని తోడుకుపోయారు" అన్నాడు అలియో తలెత్తకుండా. "మీరంతా నీళ్ళకి పోయిన పూట. ఊరికి ధైర్యం ఉండాలని మళ్ళీ మట్టి కప్పాను. మీకూ చెప్పలేదు."

ఇస్నీనో పార పట్టుకుని అలాగే నిలబడింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. నీళ్ళ గుంట వైపునుంచి పిల్లల గొంతులు వినిపించాయి. ఆమె ఉలిక్కిపడింది.

"మూసేయండి మామయ్యా. పిల్లలొచ్చేస్తున్నారు. వాళ్ళు చూడకముందే మూసేయండి."

అలియో లేచేలోపే హసనో ముందుకొచ్చి ఆమె చేతిలోంచి పార తీసుకున్నాడు. తుపాకీ మొన హసనో వీపు వైపు తిరిగింది. వాడు చూడను కూడా లేదు. చొప్ప సర్ది, గబగబా మట్టి లాగి పోశాడు. నేను చేతులతో తోశాను. దిబ్బ మళ్ళీ లేచింది. అలియో చాలని సైగ చేశాడు.

"చాలదు మలాఖ్. ఇంకాస్త ఎత్తు చెయ్యాలి" అన్నాడు హసనో ఆయాసపడుతూ. "మా ఊళ్ళో ఇంతకంటే ఎత్తు పోశారు."

హసనో మొహం తుడుచుకున్నాడు. "పోయినవారం మా అమ్మ నాకు సంగటి పెట్టింది. ఇదే పొగ వాసన. పట్నంలో ఉండి నాకు బుర్ర పనిచెయ్యలేదు, పొయ్యి మాడిందనుకున్నాను. పొయ్యి పైన కంకులేమన్నా ఉన్నాయా అని ఇప్పుడు అడిగాను. ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దంది. ముఖ్యంగా వరాబాలె వాళ్ళకి చెప్పొద్దంది."

అలియో పళ్ళు లేని నోటితో నవ్వబోయాడు, అది దగ్గుగా మారింది. ముళ్ళకంపని తనే ఈడ్చుకొచ్చాడు. రెండో కొస హసనో పట్టుకున్నాడు. పిల్లలు వచ్చేసరికి దిబ్బ మీద కంప పడింది.

అసర్‌కి ముందే తాడు దాటాం. దాటాక అత్త బోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే నన్ను తిట్టింది, బండి కుదుపుతున్నానని. ఆ వారమే అత్త రెండూళ్ళ లెక్కా కలిపి ఇచ్చింది. హసనో పక్కన సంతకం పెట్టాడు. పాతర్లు ఖాళీ అని ఎలా తెలిసిందని ఆఫీసులో అడిగితే, "తిన్నాం" అంది.

లారీలు ఆలస్యంగానే వచ్చాయి, అవెప్పుడూ అంతే. బోహోల్‌లో ముగ్గురు ముసలివాళ్ళు అప్పటికే పోయారు. తినడానికి జొన్నలు, విత్తడానికి వేరే బస్తాలు దించారు. పాతర్లలో పోసుకునేంత లేదు. గూ వాన మొదలయ్యాక మేం ముగ్గురం మళ్ళీ ఆ దారిన పోతూ వరాబాలె దగ్గర నెమ్మది చేశాం. అలియో ఇంటి ముందు దిబ్బ మీద ఒక పిల్ల ఎగురుతోంది. మట్టి జారి కిందికొస్తోంది.

"మాదీనో కాదట్రా అది?" అంది అత్త, కిటికీ పట్టుకుని.

హసనో తల బయటికి పెట్టి గొంతు చించుకున్నాడు. "ఒసేయ్, దిగవే అక్కణ్ణించి! దిబ్బ కుంగిపోతుంది! మీ తాతకి చెబుతానుండు!"

పిల్ల వాడికి నాలిక చూపించి మళ్ళీ ఎగిరింది.