వేలు పెట్టే బాబాయి

సందు కనిపిస్తే చాలు, మా బాబాయి వేలు పెట్టకుండా ఉండలేడు. పరాయివాళ్ల విషయాల్లో కాదండీ, నిజంగా సందులోనే! కుర్చీ కన్నంలో, కిటికీ ఊచల మధ్య, కెటిల్ మూతిలో. ఓసారి లిఫ్టు జాలీలో ఇరుక్కుంటే సబ్బునీళ్లు పోసి ఊడదీశాం. వేలు బయటపడగానే "పదిహేను మిల్లీమీటర్లు" అన్నాడు తృప్తిగా. మా డిజైన్ల నియమాలు రాసే ఆయన నాకు చుట్టమేం కాదు, ఆఫీసంతటికీ బాబాయే.

యంత్రాలు వేడెక్కకుండా వాటి వీపున బిగించే పల్చటి లోహపు రెక్కలు తయారుచేయడం మా పని. కొలిచిన వేడి అంకెలన్నీ నేర్పితే నా న్యూరల్ నెట్‌వర్క్ క్షణాల్లో వేల డిజైన్లు జల్లెడపట్టి మేలైనది ఏరుతుంది. అది వేల లెక్కలు వేసేది, బాబాయి ఒక్క వేలు పెట్టేవాడు.

ఈసారి ఎంత వెతికించినా అది రెక్కల మధ్య సందు పద్దెనిమిది మిల్లీమీటర్ల కన్నా తగ్గించనని మొండికేసింది. మేనేజరు నా నెత్తిన కూర్చున్నాడు. ప్రోగ్రామంతా గాలిస్తే నియమాల మధ్య ఒక లైను దొరికింది: "పెద్దక్క వేలు = 18. సందు ఇంతకన్నా తగ్గకూడదు."

"బాబాయ్! ఇందులోనూ వేలు పెట్టావా?"

"నాది కాదురా, పెద్దక్కది."

పెద్దక్క మా యంత్రాలు తుడిచే మనిషి. కీళ్లవాపుతో వేళ్లు లావెక్కాయి. పాత యంత్రాల ఇరుకు రెక్కల్లో గుడ్డ చుట్టిన వేలు దూరదు, దూరిస్తే కోసుకుంటుంది. దుమ్ము పోవడం లేదని ఆవిడను పని మాన్పించేస్తానని మేనేజరు అప్పటికే అనేశాడు.

"ఒక వేలి కోసం రెండు డిగ్రీల చల్లదనం వదులుకోవాలా?" అని మేనేజరు ఎగిరాడు.

"రెక్కాడితే గానీ డొక్కాడని మనిషండీ. ఈ రెక్కల కోసం ఆ రెక్కలు విరిచేద్దామా?" అన్నాడు బాబాయి. తర్వాత నావైపు తిరిగి, "దుమ్ము లెక్క వేశావట్రా?" అన్నాడు.

వేయలేదు. సిగ్గేసింది. ఆయన లైను తీసేసి, నెలల తరబడి దుమ్ము పట్టిన రెక్కల అంకెలు కూడా నేర్పాను. ఇరుకు సందులు దుమ్ముతో పూడి ఇంకా వేడెక్కుతాయని తెలిసి, ఈసారి నెట్‌వర్క్ తనంతట తానే పందొమ్మిది అంది. మేనేజరు డిజైన్ మీద సంతకం పెట్టేశాడు. పెద్దక్క ఉద్యోగం నిలిచింది.

తన వేలు దూరని చోట తుడిచే చెయ్యి దూరదని ఈ మనిషి ఏళ్లుగా కొలుస్తున్నాడు. మేమేమో నవ్వుకున్నాం.

కొత్త యంత్రం వచ్చిన రోజు పెద్దక్క గుడ్డ చుట్టిన వేలు రెక్కల మధ్య పెట్టింది. హాయిగా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లిపోయింది.

"ఆమధ్య దారంతో నా వేలు కొలిస్తే, తమ్ముడు ఉంగరం చేయిస్తాడనుకున్నా," అంది ఆవిడ. "రెక్కలు చేయించాడు!"

బాబాయికి ఎటు చూడాలో తోచలేదు. పక్కనున్న నా పెన్నుల స్టాండు కన్నంలో వేలు పెట్టాడు. ఇరుక్కుంది.