మాసిన బట్టల జోస్యం

గంగాధర్‌ది రాజంపేట దగ్గరి పల్లె. కువైట్‌లో అమెరికా సైనిక శిబిరంలో లాండ్రీ పని. భార్య వెంకటేశ్వరి ఫహాహీల్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి; అక్కడి యజమానురాలిని అందరూ 'మామా' అంటారు. శుక్రవారం సాయంత్రం సముద్రం గట్టున కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే వాళ్ల కాపురం. ఆ కాస్త కాపురం కోసమే ఇద్దరూ ఈ ఎండలు భరిస్తున్నారు.

ఆ ఏడు అమెరికాలో ఎన్నికలయ్యాయి. కొత్త ప్రభుత్వం ఇంకా గద్దె ఎక్కనేలేదు, ఇక్కడ పనివాళ్లకు మాత్రం అప్పుడే కంటిమీద కునుకు లేదు.

"ఆళ్ల నెత్తిన బోల్డు తలనొప్పులండి," అన్నాడు మెస్సులో పనిచేసే అమలాపురం సుధాకర్. "కొండంత అప్పు, ఇరాన్ గొడవ. పైగా పరాయి దేశాల్లో ఇంత సైన్యం దేనికని ఆళ్ల జనమే అడుగుతున్నారంట. ఏం చేత్తారో ఏంటో!"

శిబిరం ఎత్తేస్తే కువైట్‌లో ఉండనిచ్చే గంగాధర్ ఇఖామా కార్డు కూడా పోయినట్టే. తను విమానం ఎక్కాలి, వెంకటేశ్వరి ఇక్కడే మిగిలిపోవాలి.

"టీవీలోళ్లకేం తెలుసన్నా? మన సంచులు సెప్తాయి సూడు," అన్నాడు గంగాధర్.

లాండ్రీవాళ్లకు అదో పిచ్చి. సైనికుల మాసిన బట్టల సంచులు పెరిగితే ఎక్కడో యుద్ధమనీ, తగ్గితే అందరూ ఇంటిదారి పడుతున్నారనీ తేల్చేస్తారు. పంచాంగం చెప్పే అయ్యవారికైనా అంత ధీమా ఉండదు.

డిసెంబరులో సంచులు సగానికి సగం పడిపోయాయి. ఆ శుక్రవారమే గంగాధర్ భార్యకు చెప్పాడు.

"అమెరికావోళ్లు ఎత్తేస్తాండారే. నువ్వొక్కదానివే ఈడ ఎట్లుంటావు? మామాకు సెప్పు, ఇద్దరం కలిసే పోదాం."

"నువ్వు లేని సోట నాకేం పని?" అంది వెంకటేశ్వరి. మర్నాడే యజమానురాలికి ఇక పని ఖలాస్, మానేస్తానని చెప్పేసింది.

కొన్నాళ్లకు లారీ నిండా సంచులు దిగాయి. సైనికులు ఎడారిలోకి యుద్ధవిన్యాసాలకు వెళ్లొచ్చారు, అంతే! ఇంతలో కంపెనీవాళ్లు మరో రెండేళ్ల ఒప్పందం తెచ్చారు. గంగాధర్ సంబరంలో ముందూ వెనకా చూడకుండా సంతకం పెట్టేశాడు. మధ్యలో వదిలి వెళ్లడానికి వీల్లేదు. ఇంత మంచి కబురు ఫోన్‌లో చెబితే ఏం బాగుంటుందని శుక్రవారం దాకా కడుపులోనే దాచుకున్నాడు, వెర్రిబాగులవాడు.

ఫహాహీల్ గట్టున వెంకటేశ్వరి కొత్త చీరలో కూర్చుని ఉంది.

"మామా కొత్త పనిమనిషిని తెచ్చుకునింది. నాకు టిక్కెట్టు గూడా తీసిచ్చె, బుధవారానికి," అంది నవ్వుతూ. "నీదెప్పుడు?"

గంగాధర్ చెప్పాడు. సంచుల సంగతీ, సంతకం సంగతీ.

ఆమెకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది.

"అమెరికావోళ్లు యాడికీ పోలేదు గదయ్యా," అంది కొంగుతో కళ్లొత్తుకుంటూ. "పోయేది నేనే."