చిన్నమెదడు ఉండే చోటు

మా బావ, అంటే మా అక్క భర్త, మార్కాపురంలో బతుకంతా చేసింది పలకరాయి చీల్చే పనే. రాయి అంచున ఉలి ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పొర కాగితంలా విడివచ్చేది. పోయిన వేసవిలో ఆ సుత్తి ఉలి మీద కాక వేలి మీద పడింది. వారంలో మూడుసార్లు. నడకలోనూ తూలుడు వచ్చింది.

తాగి వచ్చినవాణ్ణి అక్కడ ఉలి పట్టనివ్వరు.

"ఏంది మామా, పొద్దున్నే ఏసుకొచ్చినావా?" అని పక్కవాళ్లు నవ్వారట.

"మీ అత్త పెట్టిన చాయ్‌ రా, తలకెక్కింది" అన్నాడట బావ.

మేస్త్రీ మాత్రం నవ్వకుండా ఇంటికి పంపేశాడు. అక్క ఆయన నోరు వాసన చూసింది. ఏమీ లేదు. అయినా నాకు ఫోన్ చేసి, "నీకన్నా నిజం చెప్తాడేమో అడుగురా" అంది. అడిగాను. లేదన్నాడు. ఇన్నేళ్లు విలేకరిగా పనిచేసినవాణ్ణి, ఆయన్ని తప్ప అందరినీ నమ్మాను.

డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి నెల గడిచింది. ఆయన తన వేలు ఎదురుగా నిలబెట్టి, "దీన్ని ముట్టుకోని, మళ్ల నీ ముక్కు ముట్టుకో పెద్దాయనా" అన్నాడు. బావ వేలు అంగుళం పక్కకు పోయింది. వెనక్కి వచ్చి చెంపను పొడిచింది. డాక్టరు లేచి, మెడకు కాస్త పైన, తల వెనక అరచెయ్యి ఆనించాడు.

"ఇక్కడ చిన్నమెదడు ఉంటది. చెయ్యి ఎంత దూరం పోవాల, ఎక్కడ ఆగాల, అడుగు ఎట్ల పడాల, అంతా ఇదే చూసుకుంటది. చేతుల్లో బలం ఉంది. అంచనానే తప్పుతాంది."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ నా ముందు సీట్లో కూర్చున్నాడు. దారంతా ఆ చోటే చూస్తూ కూర్చున్నాను. నెరిసిన వెంట్రుకలు, చెవి వెనక చెమట. లోపల ఏముందో.

గడ్డ ఉందని స్కానింగులో తేలింది. తీసి చూస్తేగాని ఎలాంటిదో చెప్పలేమన్నారు గుంటూరు ఆసుపత్రిలో.

"చేతులొస్తాయా సార్?" అని ఒక్కటే అడిగాడు బావ.

"ముందు మీరు బయటపడాలి కదండీ" అన్నాడు అక్కడి డాక్టరు.

ఆపరేషన్ రోజున ఒప్పుకోలు కాగితం ఇచ్చారు. సంతకం పెట్టబోతే బావ పెన్ను గీత దాటి పోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పోయింది.

"నువ్వు పెట్టు బామ్మర్దీ. రాసేది నీ పనే గదా."

ప్రాణాపాయం అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

"సదవొద్దులేరా, పెట్టెయ్" అంది అక్క.

పెట్టాను. స్ట్రెచర్ బండి కదిలాక బావ అక్క కోసం చెయ్యి చాచాడు. అది ఆమెను దాటి గోడకు తగిలింది. అక్కే వంగి పట్టుకుంది. ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు ఆ చేతులు విడిపించాల్సి వచ్చింది.