పచ్చి సోయా తిన్న మా కోళ్లు

మా ఇంటి వెనక షెడ్డులో ఉండే కోళ్లకూ నాకూ మొదటి నుంచీ పడదు. అవి మా ఆవిడ కోళ్లు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక పెట్టా ఒక పుంజూ పెరిగి పెరిగి, మా ఊరు రూపనగుడిలో మనుషుల కంటే ఎక్కువ జనాభా అయ్యాయి. నేను షెడ్డు తలుపు తీస్తే చాలు, అన్నీ ఒకేసారి తల పక్కకు తిప్పి, తహసీల్దారు అర్జీదారుణ్ణి చూసినట్టు ఒంటికన్నుతో చూస్తాయి. వాటి మీద నాకు ప్రేమ ఉందని ఎవరైనా అంటే పరువునష్టం దావా వేస్తాను.

పోయిన వేసవిలో అవి గుడ్లు పెట్టడం మానేశాయి. అంతటితో ఆగలేదు. ఈకలు రాల్చుకుని, చొక్కా విప్పి గొడవకు దిగిన పహిల్వాన్లలా తిరగసాగాయి. షెడ్డులోంచి వచ్చే గబ్బుకు దోణిమలై గని లారీలు కూడా దారి మార్చుకుని ఉంటాయి.

దీనికి కారకుడు గోడ అవతల ఉన్నాడని నా గట్టి అనుమానం. మా పక్కింటాయన కాలువ కింద వరి పండించే కోస్తా రైతు. వాళ్ల తాత కాలంలో ఇటు వచ్చారు. ఇన్నాళ్లు ఈ నీళ్లు తాగినా ఆయన మాటలో ఒక్క 'అండీ' కూడా అరగలేదు. మా ఆవిణ్ణి చెల్లెమ్మా అని పిలిచి, ఆ వంకతో నన్ను బావగారిని చేసేశాడు. దాణా సలహా ఇచ్చింది ఆయనే.

"అంగడి దాణా ఎందుకు చెల్లెమ్మా, సోయా గింజలు నానబెట్టి పచ్చివే రుబ్బి పెట్టండి. మా గేదెలకు పత్తిగింజలు అలాగే పెడతాం, బిందెలు నింపుతాయండి. వేయిస్తే బలమంతా పొగలో పోద్ది."

మా ఆవిడ అలాగే పెట్టింది. ఫలితం పైన రాశాను.

"వచ్చే ఆదివారం అన్నిటినీ బళ్లారి చికెన్ అంగడికి తోలిస్తా" అన్నాను, పండగ కబురు చెప్పినట్టు.

"నా కోళ్ల మీద చెయ్యి వెయ్యి. ఆ పొద్దు నుంచి నీకు కూడు యాడ దొరుకుతాదో నేనూ చూస్తా" అంది.

చివరికి మూలన ముడుచుకుని కూర్చున్న ఒక్క పెట్టను మాత్రం కోయడానికి ఒప్పుకుంది. తనే కోసి, పేగులు తీస్తూ నన్ను పిలిచింది. "ఈడ చూడు. ఎన్ని కోళ్లు కోసినానో, ఇది ఇంత లావు ఎప్పుడూ లేదు." చిన్నపేగు మొదటి మడతలో ఇరుక్కుని ఉండే గులాబీ రంగు గ్రంథి అది. వాచి, నా కంటికి పక్కింటాయన మీసమంత కనిపించింది. దాన్నంతా టిఫిన్ బాక్సులో సర్ది నా చేతికిచ్చింది. "పశువుల డాక్టరుకు చూపిచ్చి రా. ఆ యప్ప ఏం చెప్తాడో విన్నాక కోద్దువు."

బస్సులో పక్క సీటాయన, "ఏందప్పా బాక్సులో, బిర్యానీనా?" అన్నాడు.

"పేగులు" అన్నాను. బళ్లారి దాకా కాళ్లు చాపుకుని వెళ్లాను.

డాక్టరు బాక్సు మూత తీసి, సంగతి విని, ముందు కన్నడలో తిట్టి తర్వాత తెలుగులో చెప్పాడు. "పచ్చి సోయా పెట్టమని చెప్పిన బుద్ధిమంతుడు యారప్పా? చూడు, మేత ముందు పుల్లటి రసంలో నానతాది, కందనకాయలో నలుగుతాది. దాంట్లోని మాంసకృత్తులు సన్నగా తెగేది మాత్రం చిన్నపేగులో, ఈ క్లోమం రసంతో. తెగితేనే పేగు గోడ దాటి నెత్తురులో కలుస్తాయి. కలిస్తేనే ఈకైనా, గుడ్డైనా. పచ్చి సోయా ఆ రసం చేతులు కట్టేస్తాది. క్లోమం ఇంకా ఇంకా రసం చేసి ఇట్ల వాచింది. అరగని బలమంతా రెట్టలో పోతాండాది. మీ షెడ్డు గబ్బు అదే."

"గేదెలకు పచ్చి గింజలే పెడతారంట గదా సార్?"

"ఎనుము పొట్టలో కోటానుకోట్ల క్రిములు ముందే కూర్చుని ఆ పని చేస్తాయి. కోడికి అంత మంది పనోళ్లు లేరు. వేయించి పెట్టు, బతుకుతాయి. మాడ్చొద్దు, మాడినా సరిగ్గా అరగదు."

కోళ్లు బతుకుతాయన్న దుఃఖం, పక్కింటాయన ఓడాడన్న ఆనందం రెండూ మోసుకుని ఇల్లు చేరాను. బాక్సు కూడా దించకుండా గోడ మీదుగా తీర్పు చదివాను.

"డాక్టర్లకేం తెలుసు బావగారూ" అన్నాడు ఆయన చల్లగా. "మా గేదెలు డాక్టర్ని అడిగి పాలిస్తున్నాయా?" ఆయన వెనక, ఆయన షెడ్డులో, ఆయన కోళ్లు కూడా చొక్కాలు విప్పుకుని తిరుగుతున్నాయి. నేను చూశానని తెలిసి తడిక అడ్డం లాగాడు.

మా ఆవిడ పెనం పొయ్యి మీద పెట్టింది. మొదటి వాయి మాడ్చి ఆ కోపం నా మీద తీర్చుకుంది. తర్వాతవి ఎర్రగా, కమ్మగా వేగాయి. ఆదివారం వచ్చింది, పోయింది. మెల్లగా ఈకలు మొలిచాయి, గబ్బు తగ్గింది. ఒక పొద్దున అన్నం కంచంలో అన్నానికి బదులు ఒక గుడ్డు పెట్టి నా ముందుకు తోసింది. గుమ్మడికాయంత ఉంది.

"కోయించుంటే ఇది యాడ ఉండేది?"

నేను పెరట్లోకి నడిచాను. గోడ అవతలి నుంచి వేగుతున్న సోయా వాసన గుప్పుమంది.

"ఏందప్పా, ఏం వేయిస్తాండారు?"

"శనగలండీ."

"శనగలకు ఈ వాసన రాదే."

"మా వైపు శనగలు బావగారూ. మీకు తెలీదు."

గోడ మీదుగా తొంగి చూడబోయాను. ఇంతలో గోడ అవతల గుడ్డు పెట్టిన కోడొకటి ఊరంతా వినేలా రచ్చ మొదలుపెట్టింది. మా షెడ్డు తలుపు సందులోంచి కోళ్లు, అన్నీ ఒకేసారి, నన్ను ఒంటికన్నుతో చూశాయి.